జాబితాలో లేని గూడేలు: గొత్తికోయల సహాయ కార్యక్రమాన్ని మదింపు చేసిన అనుభవం

2012 ఏప్రిల్ చివర్లో భద్రాచలంలో బస్సు దిగేసరికి నా సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి టీఓఆర్, అంటే నేను ఏం చూడాలో, ఏం రాయాలో నిధులిచ్చిన సంస్థ రాసిచ్చిన కాగితం. రెండోది 31 గూడేల జాబితా. ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ మూడేళ్లుగా సహాయ కార్యక్రమం నడుపుతోంది. మొబైల్ క్లినిక్, దోమతెరలు, కొన్ని చేతిపంపులు, పిల్లలకు చిన్న బడి. ఎంతమందికి చేరింది, చేరింది ఉపయోగపడిందా, ఇంకో రెండేళ్లు కొనసాగించాలా అన్నవి వాళ్ల ప్రశ్నలు.

ఆ సంస్థ పేరు, నిధులిచ్చిన వాళ్ల పేరు, గూడేల పేర్లు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చెప్పడానికే ఈ కేసు మొత్తం చెప్పాల్సి వస్తోంది.

వచ్చినవాళ్లు ఎవరు

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైంది. ప్రభుత్వం దానికి అండగా నిలిచింది. ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. శిబిరానికి వెళ్తే మావోయిస్టులు పగబడతారు, వెళ్లకపోతే జుడుం వాళ్లు వచ్చి ఇళ్లు తగలబెడతారు. రెండింటికీ భయపడ్డవాళ్లు గోదావరి వైపు దిగి వచ్చారు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరు మండలాల అడవులు వాళ్లకు కొత్తవి కావు. మిరప కోతల కాలంలో ఏటా కూలికి వచ్చే దారులే. చాలామందికి ఇటువైపు కోయల్లో చుట్టరికాలు కూడా ఉన్నాయి.

హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో ఇచ్చిన నివేదిక ఆంధ్రప్రదేశ్‌లోకి అలా వచ్చినవాళ్లను 30 వేల నుంచి 50 వేల దాకా అంచనా కట్టింది. అంచనాలోనే 20 వేల మంది తేడా. నా కేసంతా ఆ తేడాలోనే ఉంది.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. నేను వెళ్లేనాటికి ఆ తీర్పు వచ్చి పది నెలలు కావస్తోంది. నేను మాట్లాడినవాళ్లలో చాలామందికి ఆ కబురే చేరలేదు. చేరినవాళ్లూ తిరిగి వెళ్లే ఆలోచనలో లేరు.

ఇటువైపు వాళ్లకు నిలబడే చోటు కూడా గట్టిగా లేదు. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ సర్టిఫికెట్ దొరకదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. జుడుం మొదలైందే ఆ ఏడాది జూన్‌లో. ఇళ్లు వదిలి పరుగెత్తినవాళ్లు ఆ తేదీలోపు ఏ కాగితం సంపాదిస్తారు? దేశం లోపలే నిర్వాసితులైన వాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది కానీ మన దగ్గర ఆ మాట పెట్టి చేసిన చట్టం లేదు. అందువల్ల వాళ్లు ఆఫీసుల లెక్కలో నిర్వాసితులు కారు, ఆక్రమణదారులు. సాయం చేసేవాళ్లు, ఖాళీ చేయించేవాళ్లు ఒకే దారిన రావడం అక్కడే మొదలవుతుంది.

కొలబద్దలు

సహాయ కార్యక్రమాల మదింపుకు వాడే కొలబద్దలు ఒక విషాదంలోంచి పదునెక్కాయి. 1994 జూలైలో రువాండా నుంచి కొద్ది రోజుల్లోనే ఎనిమిది లక్షల మందికి పైగా శరణార్థులు అప్పటి జైర్ (ఇప్పటి కాంగో)లోని గోమాకు చేరారు. లావా రాతి నేల. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వడానికి కూడా వీల్లేదు. కలరా, రక్త విరేచనాలతో మొదటి నెలలోనే సుమారు 50 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత అనేక దేశాలు, సంస్థలు కలిసి చేయించిన ఉమ్మడి మదింపు 1996లో వెలువడింది. రాజకీయంగా చేయాల్సిన పనికి సహాయం బదులు కాలేదని అది తేల్చి చెప్పింది. సహాయ సంస్థలు తమ పని నుంచి తాము నేర్చుకోవాలని మరుసటి ఏడాది ఆల్నాప్ అనే వేదికను ఏర్పాటు చేసుకున్నాయి.

అభివృద్ధి పథకాలకు అడిగే ప్రశ్నలు (అవసరానికి తగినదేనా, ఫలితం వచ్చిందా, ఖర్చుకు తగ్గ పని జరిగిందా) సహాయానికి సరిపోవని తేలాక మరికొన్ని చేరాయి. ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్నది కవరేజీ. ఒకరు చేసేది ఇంకొకరు చెడగొట్టకుండా ఉందా అన్నది పొంతన. నా టీఓఆర్‌లో ఇవన్నీ వరుసగా ఉన్నాయి. కవరేజీ కింద మాత్రం ఒకే వాక్యం: ‘జాబితాలోని గూడేలలో ఎంత శాతానికి సేవలు అందాయి?’

ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకేమీ తప్పుగా తోచలేదు. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని. అయినా తోచలేదు.

రిజిస్టర్ చెప్పింది

మొదటి రెండు రోజులు ఆఫీసులో కాగితాల మధ్య గడిచాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. దోమతెరలు తీసుకున్నవాళ్ల వేలిముద్రలు, క్లినిక్ రోజువారీ పుస్తకం, పంపుల ఫొటోలు. 31లో 27 గూడేలకు ప్రతి నెలా క్లినిక్ వెళ్లింది. మిగతా నాలుగింటి ఎదుట ‘ఖాళీ’ అని రాసి ఉంది.

ఈ జాబితా ఎలా వచ్చిందని అడిగాను. 2009లో పని మొదలుపెట్టినప్పుడు జీపు వెళ్లగలిగే దారుల వెంట తిరిగి రాసుకున్నామన్నారు. తర్వాత? తర్వాత అదే. కష్టపడి పనిచేసే మనుషులు, ఎండావానా చూడకుండా తిరిగేవాళ్లు. తిరిగింది మాత్రం ఆ జాబితా వెంటే.

మూడో రోజు వైద్యాధికారి అనుమతితో దగ్గర్లోని పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఓపీ రిజిస్టర్ చూశాను. ప్రాణం తీయగల రకమైన ఫాల్సిపారం మలేరియా పాజిటివ్ వచ్చిన వరుసలు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకే ఊరి పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. పాత కోయ గ్రామం. నలభై ఇళ్లు కూడా ఉండవు. ఆ చలికాలంలో ఆ ఊరి పేరు మీద రాసిన జ్వరాలు లెక్కపెడితే ఆ ఊరి జనం కన్నా ఎక్కువ తేలాయి.

ఏఎన్‌ఎంను అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రిజిస్టర్ మూసి చెప్పింది. “వాళ్లు ఆ ఊరోళ్లు కాదు మేడం. లోపల్నుంచి వస్తారు. ఏ ఊరంటే ఆ పేరే చెప్తారు, మేమూ అదే రాస్తాం. లోపలి గూడెం పేరు రాశామనుకోండి, రేపు ఎవరో ఒకరు వచ్చి అదెక్కడుందని అడుగుతారు. మళ్లీ వాళ్లు మందుకు రారు.”

ప్రభుత్వ రిజిస్టర్‌లో తప్పు ఊరి పేరు రాయడం నియమం ప్రకారం తప్పే. ఆ తప్పు వల్లే ఎంతోమందికి మందు అందింది. నా రిపోర్టులో ఈ సంగతి రాసిన తీరు నాలుగుసార్లు మార్చాను. ఆమెకు ఇబ్బంది కాకుండా, విషయం పోకుండా.

ఖాళీ గూడెం

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడ చెప్పాలి. ‘ఖాళీ’ అని రాసిన నాలుగింట్లో ఒకదాన్ని చూద్దామని అద్దె బొలెరోలో బయల్దేరాను. తెల్ల బండి. దారి ఆగిపోయిన చోట దిగి అర కిలోమీటరు నడిచాం. గూడెంలో ఒక్క మనిషి లేడు. పొయ్యిలో నిప్పు ఉంది. కుండలో జావ ఇంకా వేడిగా ఉంది. ఒక కోడి పిల్లలనేసుకుని పెరట్లో తిరుగుతోంది. తడిక గోడకు చంటిపిల్ల ఉయ్యాల వేలాడుతోంది, అందులో గుడ్డ తడిగా ఉంది.

ఆ ఉయ్యాల చూశాక అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండాలనిపించలేదు. మా బండి చప్పుడు విని చంటిబిడ్డను ఎత్తుకుని అడవిలోకి పరుగెత్తిన తల్లి ఎక్కడో పొదల్లో మేం పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంది. అంత వేడిలో. నేను మదింపు చేయడానికి వచ్చానని ఆమెకు ఎలా తెలుస్తుంది? అక్కడ తెల్ల బండ్లలో వచ్చేవాళ్లు తనిఖీకో, ఖాళీ చేయమనడానికో వస్తారు.

మూడేళ్లుగా ‘ఖాళీ’ అని రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్లు వెళ్లినప్పుడు ఖాళీగానే ఉండి ఉంటుంది.

ఆ రోజు నుంచి బండి భద్రాచలంలోనే ఉండిపోయింది. తారురోడ్డు దాకా ఆటో, అక్కడి నుంచి నడక. నాతో ఒక కోయ అమ్మాయి ఉండేది. డిగ్రీ మధ్యలో ఆపేసింది. తెలుగు, ఇటు కోయ, అటువైపు మాట మూడూ వచ్చు. పదిహేను రోజుల్లో ఆ పని ఏమైనా సరిగ్గా జరిగిందంటే సగం ఆ పిల్ల వల్లే. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో నాకన్నా తనకే బాగా తెలుసు.

చెలమ దగ్గర

మదింపు పద్ధతి మొత్తం మార్చేశాను. జాబితా పక్కన పెట్టి, మనుషులు తప్పనిసరిగా రావాల్సిన చోట్లు ఏవని ఆలోచించాం. ఏప్రిల్, మే నెలల్లో అవి మూడు: సంత, తునికాకు (బీడీ ఆకు) కల్లం, చెలమ. ఉప్పు కోసం సంతకు రావాలి. ఆకు కట్టలు అమ్మడానికి కల్లానికి రావాలి, లేదా ఇటువైపు చుట్టం పేరు మీద అమ్మించాలి. వాగు ఎండాక నీళ్లకు చెలమకు రాక తప్పదు.

ఒక చెలమ దగ్గర మూడు పొద్దులు కూర్చున్నాం. వాగు ఇసుకలో మోకాలి లోతు గుంట. అడుగున జల మెల్లగా ఊరుతుంది. ఆడవాళ్లు సొరబుర్రతో తోడి బిందెలో పోస్తారు. నాలుగైదు బుర్రలు తోడితే నీళ్లు మట్టి రంగుకు తిరుగుతాయి, తేరుకునేదాకా ఆగాలి. అందుకే తొలికోడి కూసేసరికే మొదటి మనిషి వచ్చి కూర్చుంటుంది.

చెలమ నుంచి మూడు కాలిబాటలున్నాయి. రెండు జాబితాలో ఉన్న గూడేలవి. మూడోది ఎటు పోతుందని మా అమ్మాయి అడిగితే, తునికాకుకు పోయే దారి అని చెప్పారు. ఆ దారి దుమ్ములో, రెండడుగుల దూరానికొకటి చొప్పున, తడి చుక్కలు కనిపిస్తున్నాయి. నిండు బిందె తలమీద పెట్టుకుని నడిస్తే తొణికే చుక్కలు. ఆకు కోయడానికి పోయేవాళ్లు నీళ్ల బిందె మోసుకుపోరు.

ఆ బాట పట్టి వెళ్లలేదు. వెళ్లి ఉంటే బొలెరోలో వెళ్లినదానికీ దానికీ తేడా ఉండదు. మేం ఎవరమో, ఎందుకు కూర్చున్నామో చెప్పి, కూర్చునే ఉన్నాం. మూడో రోజు ఒకావిడ, నలభై ఏళ్లుంటాయేమో, బిందె దించి మా అమ్మాయితో ఏదో అంది.

“పేర్లు రాస్తారా అని అడుగుతోంది అక్కా.”

“వద్దంటే రాయనని చెప్పు.”

“రాసింది ఎవరు చూస్తారని అడుగుతోంది.”

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు ఈమెయిల్‌లో వెళ్తుంది. నిధులిచ్చిన సంస్థలో ఎవరెవరు చూస్తారో, అక్కడి నుంచి ఎవరికి పంపుతారో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. అందుకే ఆమె మమ్మల్ని రమ్మందని తర్వాత మా అమ్మాయి చెప్పింది. ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ ఎవరూ చూడరనే అన్నారట.

గూడెంలో పదకొండు గుడిసెలు. ఆమె ఆకు దొప్పలో అంబలి పోసిచ్చి చెప్పింది. అంతకుముందు ఇంకో చోట ఉండేవాళ్లు. ఒక చలికాలం ఎవరో వచ్చి పేర్లు రాసుకుని దుప్పట్లు ఇచ్చారు. నెల తిరిగేలోపు యూనిఫాం వేసుకున్నవాళ్లు వచ్చి గుడిసెలు కూలగొట్టారు. ఆ రాతకూ ఈ కూల్చివేతకూ సంబంధం ఉందో లేదో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆమె లెక్కలో పేర్లు రాయించుకున్నాకే ఇల్లు పోయింది. కూలిన ఆ ఇల్లు ఆమె కళ్లతో చూసింది. నేను ఏ భరోసా ఇస్తే ఆ లెక్క మారుతుంది?

పేర్లు లేకుండా లెక్క

అక్కడి నుంచి మేం పేరు, ఫొటో, జీపీఎస్ లేకుండానే లెక్క తీశాం. గూడెం మధ్యలో ఎండిన సొరబుర్ర ఒకటి పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి గులకరాయి, అయిదేళ్లలోపు పిల్లలకు చింతగింజ వేయమన్నాం. అందరి ముందూ బుర్ర బోర్లించి వాళ్లచేతే లెక్కపెట్టించాం. ఎక్కువ చెప్పుకుంటారేమోనన్న అనుమానం మా జట్టులో ఒకరికి ఉండేది. నేను చూసింది తలకిందులు. తక్కువే చెప్పారు. రెండోసారి వెళ్లినప్పుడు ఇంకో మూడు చింతగింజలు పెరిగాయి.

అలా జాబితాలో లేని 14 గూడేలు చూశాం. అన్నీ ఇవేనని చెప్పలేను.

చావుల గురించి అడగడం ఇంకా కష్టం. మరణాల సర్వేలో కాలానికి ఒక మొదలు గుర్తు కావాలి, సాధారణంగా మూడు నెలల వెనక్కి. తేదీలు అక్కడ పనికిరావు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మేడారం జాతర జరిగింది. “జాతర తర్వాత ఈ ఇంట్లో ఎవరైనా పోయారా” అంటే అందరికీ అర్థమైంది. పదివేల మందిలో రోజుకు ఒకరికి మించి చనిపోతుంటే అత్యవసర స్థితి అన్నది ఈ రంగంలో వాడే గీత. మేం చూసిన జనం అలాంటి రేటు కట్టడానికి చాలని కొద్దిమంది. రేటు వేసి ఉంటే రిపోర్టుకు బరువు వచ్చేదే కానీ అది నిలబడే లెక్క కాదు. ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో, ఆసుపత్రికి ఎంత దూరంలో పోయారో మాత్రం ఒక్కొక్కటీ రాశాను. జ్వరంతో పోయిన పిల్లలున్న ఇళ్లలో చాలావాటిదీ ఒకే కథ. రాత్రి మూర్ఛ వచ్చింది, డోలీ కట్టేసరికి తెల్లారింది.

చంటిపిల్లల జబ్బ చుట్టుకొలత తీసే పట్టీ మాత్రం నా సంచిలోనే ఉంది. 115 మిల్లీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. ఎరుపులో పడ్డ ఇద్దరూ జాబితాలో లేని గూడేల పిల్లలే. మదింపు చేసేవాళ్లు చూసి రాయాలి, చేయి పెట్టకూడదని కొందరు అంటారు. నేను దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒక బిడ్డను ఆ రోజే భద్రాచలం ఆసుపత్రికి పంపాం. రెండో బిడ్డ తండ్రి ఒప్పుకోలేదు. బస్టాండులో ఎవరైనా ఆపి ఎక్కడివాడివి అని అడిగితే ఏం చెప్పాలన్నది అతని భయం. క్లినిక్ నర్సు మర్నాడు వాళ్ల గుడిసెకే నడిచి వెళ్లింది.

తేలినవి

నీళ్ల సంగతి ముందు చెప్తాను. మనిషికి రోజుకు 15 లీటర్లు, నీటి చోటు 500 మీటర్ల లోపు. ఇది సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం. బిందె ఎన్ని లీటర్లు పడుతుందో కొలిచి, ఇంటికి రోజుకు ఎన్ని బిందెలో అడిగి, మనుషులతో భాగించాం. పంపులున్న గూడేల్లో దాదాపు సరిపోతోంది. చెలమ మీద ఆధారపడ్డవాళ్లకు అందులో సగం కూడా లేదు. సంస్థ పంపులు బాగా వేసింది, బాగా చూసుకుంది. అవన్నీ రిగ్గు వెళ్లగలిగిన చోట ఉన్నాయి.

దోమతెరల పంపిణీ జాబితా గూడేల్లో నూటికి నూరు శాతం. వాడకం చూద్దామని రాత్రిపూట వెళ్లి అడిగితే చాలా ఇళ్లలో తెర కట్టి లేదు. తెరల వాడకంపై అవగాహన లేదని రాయడం తేలిక. ఒకింట్లో ముసలాయన తెర చూపించాడు. ప్యాకెట్ విప్పనే లేదు. చూరు కింద ఒక మూటలో ఉంది. ఆ మూటలో ఇంకా ఒక గిన్నె, కొడవలి, విత్తనాల చిక్కం, కొత్త చీర. మళ్లీ లేచిపోవాల్సి వస్తే ఎత్తుకునే మూట అది. ఉన్నవాటిలో మంచివన్నీ అందులో పెట్టుకున్నారు. మనం ఇచ్చిన తెర వాళ్లకు నచ్చింది కాబట్టే కట్టలేదు. రెండో తెర ఇస్తే మొదటిది కడతారని రాశాను. తర్వాత అలాగే జరిగింది.

ఇరుగుపొరుగు మాట టీఓఆర్‌లో లేదు, కానీ రాయకుండా ఉండలేకపోయాను. ఒక చోట కొత్త గూడేనికి పంపు వేశారు. అర కిలోమీటరు దూరంలో ఎప్పటి నుంచో ఉన్న కోయ ఊళ్లో ఉన్న ఒక్క పంపూ చెడిపోయి రెండేళ్లయింది. “మేం ఈ మట్టిలో పుట్టాం, మాకు లేని నీళ్లు నిన్న వచ్చినోళ్లకా” అని ఆ ఊరి పెద్ద అడిగాడు. ఆయన మాటలో అన్యాయం ఏముంది? పోడు చేసుకునే అడవి ఒకటే, అది చిన్నదవుతోంది. మిరప రైతులకు తక్కువ కూలికి మనుషులు దొరుకుతున్నారు కాబట్టి పాతవాళ్లకు కూలి పెరగడం లేదు. పైగా గొత్తికోయలను మొదట ఆదుకున్నది ఆ ఊళ్లే. ఏ సంస్థా రాకముందు తిండిగింజలు ఇచ్చి, తమ పేరు మీద ఆకు అమ్మి పెట్టింది వాళ్లే. ఆ సంగతి సంస్థ రిపోర్టుల్లో ఎక్కడా లేదు. ఇక మీద పంపు రెండు ఊళ్లకూ మధ్యన వేయాలని, పాతది ముందు బాగు చేయాలని సూచించాను.

పొంతన గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ప్రభుత్వంలో ఒక శాఖ టీకాలు వేయడానికి వచ్చే గూడేనికే ఇంకో శాఖ ఖాళీ చేయమనడానికి వస్తోంది. అప్పట్లో ఆరోగ్యశ్రీకి తెల్ల రేషన్ కార్డు కావాలి, ఆ కార్డుకు నివాసం కావాలి, ఆ నివాసమే ఆక్రమణ.

రిపోర్టు మీద గొడవ

ముసాయిదా చూసి ముందు బాధపడింది ఫీల్డ్ సిబ్బంది. “మేడం, 27 గూడేలకు మేం చేసింది కనపడలేదా? ఇది చదివితే వాళ్లు నిధులు ఆపేస్తారు” అని ఒకతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని భయం ఉత్తది కాదు. అందుకే జాబితా లోపల పని ఎంత బాగా జరిగిందో ముందు పెట్టి, జాబితా ఎందుకు ఆగిపోయిందో తర్వాత రాశాను. వారానికి ఒక రోజైనా సిబ్బందికి బండి లేకుండా నడిచి తిరగడానికి జీతమిచ్చే ఏర్పాటు లేకపోవడం బడ్జెట్ లోపం, మనుషుల లోపం కాదు. డీజిల్‌కు డబ్బుంది, నడకకు లేదు.

నిధులిచ్చిన సంస్థతో గొడవ ఇంకో రకం. ఆ 14 గూడేల జీపీఎస్ గుర్తులు, పటం, ఫొటోలు పంపమన్నారు. కుదరదన్నాను. “రుజువు లేకుండా మీ మాట ఎలా నమ్మాలి?” అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. సంఘర్షణ ప్రాంతంలో మదింపు చేసేవాళ్లు నన్ను నమ్మండి అని ఊరుకోకూడదు, ఎందుకంటే అదే మాట అబద్ధం రాసేవాళ్లూ అంటారు. మూడు వారాలు సాగదీసి ఒక దారి కుదిరింది. వాళ్లు నమ్మే వేరే మనిషి ఒకరు వచ్చి, మా అమ్మాయితో కలిసి నడిచి, చీటీ తీసి ఎంచిన రెండు గూడేలు చూసి, లెక్క సరేనో కాదో ఒక్క పేజీలో రాసిచ్చారు. గూడెం వాళ్లను ముందే అడిగి, ఒప్పుకున్నాకే. పటం ఎవరికీ ఇవ్వలేదు. నా నోటుబుక్‌లో గీసుకున్న కాగితాలు రిపోర్టు ఒప్పుకున్న రోజునే చింపేశాను.

ఇంత కఠినంగా ఉండాల్సిన పనేముందని తోటివాళ్లు అడిగారు. ఆ కాగితం చేతులు మారితే ఒక పొద్దున ఏ గుడిసె ముందు ఎవరు నిలబడతారో నేను చెప్పలేను. అది ఏ వైపు వాళ్లయినా కావచ్చు. ఆ చెలమ దగ్గర ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు అంతే.

మారినవి, మారనివి

ఆ వానాకాలం లోపే క్లినిక్ రోజు సంత రోజుకు మారింది. సంతకు ఎవరు ఏ గూడెం నుంచి వచ్చారో ఎవరూ అడగరు. తునికాకు కాలంలో కల్లం పక్కనే రెండు గంటలు కూర్చునేవారు. రోగి కార్డు మీద ఊరి పేరు తీసేసి బొమ్మ పెట్టారు. నెమలి, ఉడుము, పనస, విల్లు. ఇంటికి ఒక బొమ్మ, దానికో నంబరు. పిల్లకు ఎన్ని టీకాలు పడ్డాయో, కిందటిసారి ఏ మందు ఇచ్చారో ఆ నంబరుతో నర్సుకు దొరుకుతుంది. మనిషి ఎక్కడుంటాడో మాత్రం ఆ కార్డు చెప్పదు.

రెండో ఏడాది క్లినిక్ పుస్తకంలో కొత్త కార్డులు బాగా పెరిగాయి. ఆ గూడేల నీళ్ల కష్టం మాత్రం అలాగే ఉంది. బోరు వేయాలంటే చోటు చూపాలి, చూపితే రాసుకోవాలి. ఆ ముడి ఎలా విప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

2014లో రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చర్ల, దుమ్ముగూడెం తెలంగాణలో ఉన్నాయి. అప్పటిదాకా ఒక ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కింద ఉన్న గూడేలు రెండు రాష్ట్రాల పాలయ్యాయి. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో అటవీ శాఖ నాటిన మొక్కల గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారిని దారుణంగా చంపేశారు. ఉద్యోగం చేసుకుంటున్న మనిషి, ఆ కుటుంబానికి జరిగింది తీరని అన్యాయం. ఆ తర్వాత అక్కడి గొత్తికోయలు వెళ్లిపోవాలని గ్రామసభ తీర్మానం చేసింది. దాంతో ఆ కోపానికీ ఆ హత్యకూ ఏ సంబంధం లేని గూడేల్లో కూడా చూరు కింద మూటలు మళ్లీ బిగిసి ఉంటాయి.

ఆ మధ్య ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. అదే ప్రాంతంలో వేరే కార్యక్రమాన్ని మదింపు చేయబోతున్నాడు. నా పాత రిపోర్టు చదివాడట. “ఆ 14 గూడేల జాబితా మీ దగ్గర ఉందా మేడం?” అన్నాడు. లేదన్నాను. ఎప్పుడు వెళ్తున్నావంటే జూలైలో అన్నాడు. వాగులు నిండి ఉంటాయి, అప్పుడు నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి, నీకు ఎవరూ కనపడరు, ఏప్రిల్‌కు మార్చుకో అన్నాను. తేదీ మార్చాలంటే ఒప్పందం మళ్లీ రాసుకోవాలి, అడిగి చూస్తానన్నాడు. మా అమ్మాయి నంబరు అడిగాడు. ముందు ఆమెను అడిగి చెప్తానన్నాను. ఆమె ఇప్పుడు ఆశా కార్యకర్త. ఏప్రిల్ అయితే వస్తానంది, బండి లేకపోతేనే.